రెండో బండి వెలిచ్కా

ఐదో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు దిగేసరికి వెలిచ్కా దుప్పటి మూలను చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. దుప్పటిలో ఉన్న మనిషి నూట ఇరవై కిలోలకు తక్కువ ఉండడు. లిఫ్టు ఉంది గానీ అందులో నిలబడ్డ మనిషికే చోటు తప్ప పడుకున్న మనిషి పట్టడు. ఈ మేడలు కట్టినవాళ్ళకు ఇక్కడ ఉండబోయేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు జబ్బుపడతారన్న ఆలోచనే వచ్చినట్టు లేదు. కాళ్ళ వైపు డ్రైవర్ ఇల్చో, తల వైపు వెలిచ్కా, చెరో పక్క ఇద్దరు పొరుగువాళ్ళు. ఆ పొరుగువాళ్ళలో ఒకాయన నోట్లో సిగరెట్టు తీయకుండానే మోస్తున్నాడు.

“ఆయన ఊపిరాడక కొట్టుకుంటుంటే నువ్వు పొగ పెడతావేంటయ్యా? ఆ నిప్పు దుప్పటి మీద రాలిందో, నిన్నూ ఇందులోనే చుట్టి పట్టుకుపోతా,” అంది వెలిచ్కా.

ఆయన సిగరెట్టు ఉమ్మేశాడు.

వెలిచ్కా పొట్టి మనిషి, వెడల్పు మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. జుట్టుకు బీట్‌రూట్ రంగు. మా ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళందరిదీ అదే రంగు, ఒకే డబ్బాలోంచి తీసి పూసుకున్నట్టు ఉంటుంది. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉంటాయి. చేతులు ఎంత కడిగినా స్పిరిట్ వాసన పోదు. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు పక్కకి వంగుతుంది, అందుకని ఎప్పుడూ గోడ వైపే దిగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఫెల్డ్‌షర్‌గా ఉంది, అంటే బండిలో డాక్టరు లేనప్పుడు డాక్టరు పని కూడా చేసే మనిషి. మా అంబులెన్సులో డాక్టరు లేనిదెప్పుడు అని అడగకండి, ఉన్నదెప్పుడో చెప్పడం సులువు.

రెండో అంతస్తు మలుపులో ఆమె ఆగింది.

“ఒక్క క్షణం దించండి.”

ఇల్చో తలెత్తి చూశాడు. పదిహేనేళ్ళుగా ఆమెతో మెట్లు దిగుతున్నాడు, దించమన్న మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఆమె ఎడమ భుజం నొక్కుకుంటూ, దవడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముఖం మీద చెమట. నవంబరు నెల, మెట్ల మీద కిటికీ అద్దం పగిలి డాన్యూబ్ నది మీది మంచుగాలి నేరుగా లోపలికి వస్తోంది.

“ఏంటక్కా?”

“పన్ను. తెల్లవారుజాము నుంచీ సలుపుతోంది. పట్టు, పట్టు, లేపు.”

పెద్దాయనను ఆసుపత్రిలో అప్పజెప్పి, బయట బండి దగ్గర నిలబడ్డప్పుడు ఇల్చో మళ్ళీ ఆ మాట ఎత్తాడు. ఇల్చో సన్నటి మనిషి, మీసాలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. నోరు ఊరుకోదు.

“పన్ను సలిపితే భుజమెందుకు నొక్కుకుంటున్నావ్? ఎక్కు బండి. గుండె మిషను వైర్లు తగిలిస్తా. కాగితం ఎలా వస్తుందో చూద్దాం.”

“నోర్ముయ్ రా. నన్ను ఆ మంచం మీద పడుకోబెడతావా?”

కీడు తగలకూడదని ఇల్చో గభాలున చెక్క మీద కొట్టాలని చూసి, చెక్క దొరక్క తన తల మీదే కొట్టుకున్నాడు. మా అంబులెన్సు వాళ్ళలో ఇదొకటి ఉంది. సొంత బండి మంచం మీద ఒంట్లో ప్రాణం ఉండగా పడుకోకూడదు. సొంత మిషను వైర్లు తగిలించుకోకూడదు. ఎప్పుడో ఎవరో సరదాకి పడుకుని, వారం తిరక్కుండా అదే మంచం మీద పోయాడట. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. అయినా కడుపునొప్పి వస్తే బస్సెక్కి ఆసుపత్రికి పోతారే గానీ, వాకిట్లో ఉన్న మిషనును మాత్రం ముట్టుకోరు. రోజంతా జనానికి ‘నిర్లక్ష్యం చెయ్యకండి’ అని చెప్పే వాళ్ళు వీళ్ళే!

“క్లాసు అయ్యాక పోతాను లే, ఆసుపత్రికి,” అంది వెలిచ్కా. “ఈ రోజు ఆ క్లాసు గట్టెక్కాలి. అదయ్యాక నన్ను కోసి ఉప్పేసుకోండి.”

క్లాసంటే ఊపిరి క్లాసు. కాగితాల మీద దాని పేరు పెద్దది. అంబులెన్సు వాళ్ళకు, అగ్నిమాపక దళం వాళ్ళకు, ఆపదలో జనాన్ని ఆదుకునే మరి కొందరికి ఎరుక శిక్షణ. అంటే కళ్ళు మూసుకుని, ఊపిరి వచ్చేది పోయేది గమనిస్తూ, మనసును ఉన్నచోట ఉంచడం. నేర్పడానికి రాజధాని సోఫియా నుంచి దెనిత్సా అనే సైకాలజిస్టు వచ్చేది. మొదటి రోజే ఇల్చో, “ఊపిరి పీల్చడానికి సోఫియా నుంచి మనిషి రావాలా? ఇన్నాళ్ళూ మనం చెవుల్తో పీల్చామా?” అన్నాడు. అందరూ నవ్వారు. దెనిత్సా కూడా నవ్వింది. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఊళ్ళో జనం ఆవిడ్ని అన్న మాటలు నాకు నచ్చలేదు.

వెలిచ్కాకు మాత్రం ఆ క్లాసు నవ్వులాట కాదు. వేసవిలో ఒక ఇంట్లో నేల మీద పడ్డ మనిషి గుండెను ఆమె రెండు చేతులతో అదుముతూ ఉంటే, ఆ మనిషి కొడుకు పక్కన నిలబడి ఫోనులో వీడియో తీశాడు. బల్ల పక్కకి లాగమని మూడుసార్లు అడిగింది. అతను లాగలేదు. ‘చూడండి, వీళ్ళు ఎంత ఆలస్యంగా వచ్చారో’ అని ఫోనుకు చెప్పుకుంటూ నిలబడ్డాడు. తండ్రి పోయాడు. వెలిచ్కా లేచి, చేతి తొడుగులు విప్పి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు అతనికి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చెంపదెబ్బను దేశమంతా చూసింది. తండ్రి ప్రాణం పోవడాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అంబులెన్సు స్టేషను పెద్ద డాక్టర్ స్తామెనోవ్ ఆమెను ఉద్యోగం నుంచి తీసేయకుండా అడ్డం పడి ఒక దారి కనిపెట్టాడు. శిక్షణ పూర్తి చేసిన కాగితం తెస్తే బండి మీద ఉండవచ్చు. తేకపోతే పిలుపులు అందుకునే ఫోను దగ్గర కూర్చోవాలి.

“ఫోను దగ్గర కూర్చుంటే తప్పేంటి వెలిచ్కా? వెచ్చగా ఉంటుంది. మెట్లుండవు,” అన్నాడు.

“నేను కూర్చుంటే రెండో బండిలో ఎవరు పోతారు డాక్టర్ గారూ?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పోయేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పని నేర్చుకున్నవాళ్ళంతా జర్మనీలో ముసలాళ్ళకు స్నానాలు చేయిస్తున్నారు. ఫెల్డ్‌షర్ లేని బండిని నడపనివ్వరు. మా ఊరికున్నవి రెండే బండ్లు, మొదటిది ఊళ్ళో పిలుపులకే చాలదు. రెండో బండిని జిల్లా ఊరికి తరలించేస్తారు. అది కొండ అవతల ఉంది. మంచు పడితే ఆ దారి మూసేస్తారు. నది పొడుగునా ఉన్న తొమ్మిది పల్లెలకు ఇక దేవుడే దిక్కు. ఆమె బెంగంతా అదే. ఆ కాగితం లేకపోతే రెండో బండి లేదు. రెండో బండి లేకపోతే ఆమె ఎందుకున్నట్టు? ఆ మాట ఇల్చోతో ఒకసారి అంది కూడా, నవ్వుతూనే. ఇల్చోకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా పల్లె నుంచి పిలుపు వచ్చింది. దెస్పా అవ్వ. వారానికి రెండు మూడుసార్లు పిలుస్తుంది. రక్తపోటు అంటుంది. నిజానికి ఆవిడకున్న జబ్బు పేరు ఒంటరితనం, కానీ దానికి అంబులెన్సు రాదు కదా, అందుకని రక్తపోటు.

పల్లె మొదట్లో బస్సు ఆగేచోట గోడ నిండా చావు కాగితాలు. ఎవరైనా పోతే బొమ్మతో, పేరుతో కాగితం అచ్చువేసి గోడలకు, తలుపులకు, చెట్లకు అంటిస్తారు. నలభైవ రోజుకొకటి, ఏడాదికొకటి మళ్ళీ అంటిస్తారు. వెలిచ్కా ఆ గోడ వైపు చూడకూడదనుకుంటుంది. చూస్తుంది. ఇతన్ని తోటలోంచి మోశాం. ఈమెను చేర్చాం గానీ మర్నాడు పోయింది. ఇతని దగ్గరికి వెళ్ళేసరికే చల్లబడిపోయాడు. కళ్ళు మూసుకుంటే ఆమెకు కనిపించేది ఈ గోడే. అందుకే ఇంట్లో నిద్రపట్టదు. బండిలో మాత్రం కూర్చున్న మరుక్షణం గురక. ఆమె గురక స్టేషనంతటికీ తెలుసు, ఇల్చో దాన్ని పడవ ఇంజను అంటాడు.

దెస్పా అవ్వ తలుపు తీసి పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. నల్ల తలగుడ్డ, నల్ల మేజోళ్ళు.

“ఆలస్యం చేశావే.”

“నీ కోసం విమానం అడిగాను, ఇవ్వలేదు. చెయ్యి ఇటివ్వు.”

పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముసల్దాని రక్తపోటు పడుచుదానిలా ఉంది. వెలిచ్కా మాత్రం ఆ కాస్త గాలి కొట్టడానికే రొప్పుతోంది.

“నీ ముఖమేంటే అలా ఉంది? గోడకి సున్నం కొట్టినట్టు?” అంది అవ్వ.

“పన్ను, అవ్వా.”

“పీకించెయ్. నేను అన్నీ పీకించేశాను. హాయిగా ఉంది.” తర్వాత ఆమె చెయ్యి వదలకుండా, కాస్త గొంతు తగ్గించి అడిగింది. “నిన్ను తీసేస్తారట కదా. బ్రెడ్డు బండివాడు చెప్పాడు. రెండో బండి ఇక రాదట కదా?”

“వాడి మొహం. వాడికేం తెలుసు?”

“ప్రమాణం చెయ్యి.”

“వస్తాను. నేనే వస్తాను. ఇప్పుడు మందు వేసుకో.”

తిరుగుదారి పొడుగునా, నిలబెట్టుకోలేని ప్రమాణం చేశానన్న భయం ఆమెను వదల్లేదు. ఎందుకంటే ఇప్పటిదాకా ఒక్క క్లాసులోనూ ఆమె చివరిదాకా కూర్చోలేకపోయింది. ఒకసారి కళ్ళు తెరిచి గదిలో ఉన్నవాళ్ళ పెదాలు ఎవరివైనా నీలంగా మారాయేమోనని చూస్తూ కూర్చుంది. ఒకసారి చావు కాగితాల గోడ కళ్ళ ముందుకు వచ్చి, లేచి బయటికి పోయి వాంతి చేసుకుంది. ఈ రోజు ఆఖరి క్లాసు. ఇరవై నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మధ్యలో లేస్తే శిక్షణ పూర్తికానట్టే. ఆ నియమం పెట్టింది దెనిత్సా కాదు, శిక్షణకు డబ్బిచ్చిన వాళ్ళు.

“లేవను,” అంది వెలిచ్కా హఠాత్తుగా. “పైకప్పు కూలినా లేవను.”

“సరే అక్కా, కూలితే నేను నీ మీద అడ్డం పడుకుంటాలే,” అన్నాడు ఇల్చో.

ఊరి సాంస్కృతిక భవనం పై అంతస్తులో నృత్యం నేర్పే గది ఉంది. ఒక గోడ పొడుగునా అద్దాలు, కిటికీల కింద గదిని వెచ్చబెట్టే రేడియేటర్లు. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఎనిమిది మంది. మొదటి బండి పిలుపులకు పోయింది, మిగిలినవాళ్ళంతా వచ్చారు. డాక్టర్ స్తామెనోవ్ కూడా వచ్చాడు, పైవాళ్ళు రమ్మన్నారు కాబట్టి. వెలిచ్కాకు ఒక పక్క ఇల్చో, మరో పక్క స్తామెనోవ్.

దెనిత్సా గంట మోగించింది. చిన్న ఇత్తడి గిన్నె లాంటి గంట.

“కళ్ళు మూసుకోండి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోండి. చప్పుళ్ళు వినిపిస్తాయి. పక్కవాళ్ళు దగ్గుతారు, కుర్చీ కిర్రుమంటుంది. మీరంతా ఏ చిన్న చప్పుడైనా పరుగెత్తే మనుషులు. ఈ ఇరవై నిమిషాలు మాత్రం పరుగెత్తకండి. చప్పుడును రానివ్వండి, పోనివ్వండి. ఎవరో ఒకరు చూసుకుంటారు.”

ఎంత మంచి మాట అది! ఆ గదిలో ఉన్నవాళ్ళకు అంతవరకూ ఎవరూ చెప్పని మాట. ఒక లావుపాటి డ్రైవరుకు ఆ మాట వినగానే మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

“ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉంటే దాన్ని తరమకండి. దాని పక్కన కాసేపు కూర్చోండి,” అంది దెనిత్సా. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు.

వెలిచ్కా నొప్పి పక్కన కూర్చుంది. అది పన్నులో లేదు. పన్నులో లేదని ఆమెకు పొద్దున్నే తెలుసు. దవడ నుంచి మెడకు, మెడ నుంచి భుజానికి, భుజం నుంచి చిటికెన వేలి దాకా జారి, ఇప్పుడు రొమ్ము మధ్యలో బరువైన గుండ్రాయిలా కూర్చుంది. ఇదే ఇంకొకరి ఒంట్లో అయితే ఈపాటికి ఆమె ఆ మనిషిని పడుకోబెట్టి, మాత్ర నమిలించి, ఇల్చో మీద కేకలేస్తూ ఉండేది. ఎంతమందిని తిట్టింది, ‘ముందే ఎందుకు పిలవలేదు?’ అని! ఒకాయన కోళ్ళకు మేత వెయ్యాలి అన్నాడు. ఒకావిడ ఇంట్లో చుట్టాలున్నారు అంది. ఇంకొకాయన ఫుట్‌బాల్ ఆట అయ్యేదాకా ఆగాను అన్నాడు. బుద్ధిలేని మనుషులు అనుకునేది. ఇప్పుడు తెలిసింది. వాళ్ళకు బుద్ధి లేక కాదు. కొంచెం ఆగితే చాలు, ఆ ఒక్క పనీ అయిపోతుంది అనిపిస్తుంది. అంతే.

లేస్తే ఫోను బల్ల. లేస్తే దెస్పా అవ్వ తలుపు తీసిపెట్టుకుని కొండ వైపు చూస్తూ కూర్చుంటుంది. సగం అయిపోయి ఉంటుంది కదా, అనుకుంది. ఇంకో సగం. రెండు రోజులు ఇలాగే తిరిగి బతికినవాళ్ళను చూసింది తను. సగం క్లాసు ఒక లెక్కా? దేవుడా, గంట కొట్టించు. గంట కొట్టగానే నేనే చెప్తాను, ఇల్చోకు నేనే చెప్తాను, మంచమెక్కమన్నా ఎక్కుతాను.

గోడ కనిపించలేదు. చావు కాగితాలు ఒక్కటీ కనిపించలేదు. ఆమె పిడికిళ్ళు, మొదటి రోజు నుంచీ దెనిత్సా చెప్పి చెప్పి విసిగిపోయినా విచ్చుకోనివి, మోకాళ్ళ మీద మెల్లగా విచ్చుకున్నాయి.

కాసేపటికి గదిలో గురక వినిపించింది.

ఒకటి, పెద్దది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి, నీళ్ళలోంచి లాగినట్టు. ఎవరో చిన్నగా నవ్వు ఆపుకున్నారు. పడవ ఇంజను మొదలైంది. అయినా ఎవరూ కళ్ళు తెరవలేదు. చప్పుడును రానిచ్చారు, పోనిచ్చారు. దెనిత్సా తప్ప ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ జీవితంలో వందసార్లు విన్న చప్పుడే అది. గుండె ఆగిపోయిన మనిషి గొంతులోంచి ఆఖరున వచ్చే ఊపిరి. తలుపు అవతలి నుంచి విన్నా పోల్చుకోగలరు. నిద్రలో విన్నా లేచి పరుగెత్తగలరు. స్తామెనోవ్ పోల్చుకున్నాడు. లావుపాటి డ్రైవరు పోల్చుకున్నాడు. కాదులే, వెలిచ్కా కదా, నిద్రపోతోంది పాపం, నిద్రపోనీ అనుకున్నారు. జన్మలో మొదటిసారి ఎవరో వాళ్ళను పరుగెత్తవద్దన్నారు. వాళ్ళకు అది ఎంత కావలసి వచ్చిందో!

ముందు కళ్ళు తెరిచింది ఇల్చో. గురక వినపడి కాదు, ఆగిపోయి.

“అక్కా?”

ఆమె తల గుండెల మీదికి వాలి ఉంది. చేతులు విచ్చుకుని ఉన్నాయి.

“వెలిచ్కా!”

అప్పుడు అందరూ లేచారు. కుర్చీలు వెనక్కి పడ్డాయి. చూస్తుండగానే ఆమెను నేల మీద పడుకోబెట్టి, చొక్కా కత్తిరించి, చేతులు రొమ్ము మీద పెట్టారు. ఇల్చో కిందికి పరుగెత్తి మిషను తెచ్చాడు. ఆమె రెండో బండి మిషనే. పొద్దున ఆమె వద్దన్న వైర్లు ఇప్పుడు అతనే తగిలించాడు. ఒకరు అలసిపోతే ఒకరు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అద్దాల గోడలో ఇంకో ఏడుగురు అదే పని చేస్తున్నారు. మా జిల్లా మొత్తంలో అంతకంటే పని తెలిసిన చేతులు ఇంకెక్కడా లేవు. ఆ చేతులు చాలాసేపు ఆగలేదు. చివరికి స్తామెనోవ్, అదుముతున్న ఇల్చో మణికట్టు పట్టుకున్నాడు.

“చాలు, నాయనా.”

“వదలండి.”

“ఇల్చో. చాలు.”

“నాకు తెలుసు,” అన్నాడు ఇల్చో. ముఖం తడిసిపోయింది. “ఆ చప్పుడు నాకు తెలుసు డాక్టర్ గారూ. పక్కనే కూర్చున్నాను. వదిలెయ్యమన్నారు, వదిలేశాను!”

దెనిత్సా అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఆ గంట అలాగే ఉంది. “గురక అనుకున్నాను,” అంది. “నేను గురక అనుకున్నాను.”

“మీరు అనుకోవచ్చమ్మా,” అన్నాడు స్తామెనోవ్. “మేము అనుకోకూడదు.”

ఆమెను కిందికి మోసుకుపోయారు. మొదటి బండి కూడా సందు చివర వచ్చి ఆగింది. సైరన్ వెయ్యలేదు. మర్నాటి నుంచి రెండో బండిని బయటికి తియ్యలేదు, వారం తర్వాత జిల్లా ఊరి నుంచి ఎవరో వచ్చి నడుపుకుపోయారు. దెస్పా అవ్వ ఫోను చేస్తే ఫోను దగ్గర ఉన్న మనిషి ‘మందు వేసుకో అవ్వా’ అని మాత్రం చెప్పారట.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళాక దెనిత్సా ఒక్కతే గదిలో మిగిలింది. ఏం చెయ్యాలో తెలియక పడిపోయిన కుర్చీలు ఎత్తి నిలబెట్టింది. బల్ల మీద శిక్షణ పూర్తయిన కాగితాలు ఉన్నాయి, సంతకం పెట్టాల్సినవి. మధ్యలో లేచినవాళ్ళకు ఇవ్వకూడదు. లెక్క ప్రకారం లేవకుండా కూర్చున్నది ఒక్కతే. దెనిత్సా ఆ ఒక్క కాగితం తీసి, వెలిచ్కా పేరు కింద సంతకం పెట్టింది. పెట్టాక ఆ కలం పట్టుకుని పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎప్పుడో చీకటి పడేముందు తెర లాగేద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళినప్పుడు చూసింది. రేడియేటర్ మీద నూనె మరకల కాగితంలో చుట్టి, క్లాసయ్యాక తిందామని వెలిచ్కా పెట్టుకున్న బనిత్సా రొట్టె ముక్క. పొరల మధ్య చీజ్ కరిగి ఉంది, ఒక పక్క చిన్నగా కొరికి ఉంది, ఇంకా వేడిగానే ఉంది.